గొడ్డలి కంటే ముందు ఆరేళ్లున్నాయి: తెలుగులో చరిత్ర చెప్పేవాళ్లకు ఒక బహిరంగ లేఖ

తెలుగులో చరిత్ర వీడియోలు చేసేవాళ్లకీ, చరిత్ర పేజీలు నడిపేవాళ్లకీ, ఆదివారం అనుబంధాల్లో రాణుల కథలు రాసేవాళ్లకీ నమస్తే.

స్కాట్లండ్ రాణి మేరీ స్టూవర్ట్ గురించి ఈ ఉత్తరం. మీలో చాలామంది చెప్పే కథ ఒకే దారిలో నడుస్తుంది. అందగత్తె, ఫ్రాన్సులో పెరిగింది, మూడు పెళ్లిళ్లు చేసుకుంది, రెండో భర్త హత్యకు గురయ్యాడు, ఆ హత్య చేయించాడని ఊరంతా అనుకున్నవాణ్నే మూడోసారి పెళ్లాడింది, చివరికి ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ ఆమెని దాదాపు పంతొమ్మిదేళ్లు నిర్బంధంలో ఉంచి తల తీయించింది. ఇందులో అబద్ధం లేదు. కానీ ఆమె స్వయంగా రాజ్యం చేసిన ఆరేళ్లు, అంటే 1561 ఆగస్టు నుంచి 1567 జులై దాకా, ఈ కథలో పెళ్లిళ్లు తప్ప ఏమీ కనబడవు. ఆ ఆరేళ్లలో ఆమె ముందున్న సమస్య ఏమిటంటే, తన మతాన్ని నేరంగా ప్రకటించిన దేశాన్ని తన మతం వదులుకోకుండా, ఆ దేశంతో యుద్ధానికి దిగకుండా ఏలడం. పద్దెనిమిదేళ్ల వయసులో ఆ పని నెత్తిమీద వేసుకుని నాలుగేళ్లు చాలా నేర్పుగా నడిపింది. మీరు దాన్ని వదిలేసి గొడ్డలి దగ్గరికి పరిగెడుతున్నారు. నాకు బాధగా ఉండేది అక్కడే.

ముందు ఒక తప్పు సరిచేయాలి, ఎందుకంటే అది పదేపదే కనబడుతోంది. బ్లడీ మేరీ వేరు, ఈ మేరీ వేరు. బ్లడీ మేరీ అని పేరుపడ్డది ఇంగ్లండ్ రాణి మేరీ ట్యూడర్, ఎలిజబెత్‌కి సవతి అక్క. 1553 నుంచి 1558 దాకా పాలించింది, ఆ కాలంలో సుమారు 280 మంది ప్రొటెస్టెంట్లను సజీవంగా దహనం చేయించింది. మేరీ స్టూవర్ట్ తాను స్వయంగా పాలించిన కాలంలో ప్రొటెస్టెంటు అయినందుకు ఒక్కరికి కూడా మరణశిక్ష వేయించలేదు. ఇద్దరూ కాథలిక్కులే, ఇద్దరి పేరూ మేరీయే, అంతవరకే పోలిక. థంబ్‌నెయిల్ మీద ఒకరి బొమ్మ పెట్టి ఇంకొకరి పాపాలు రాయడం అన్యాయం.

ఇక అసలు విషయానికి వస్తాను. మేరీ 1542 డిసెంబర్ 8న పుట్టింది, ఆరు రోజులకే తండ్రి అయిదో జేమ్స్ చనిపోయాడు, ఉయ్యాల్లో ఉండగానే రాణి అయింది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఈ పసిపిల్లని తన కొడుకు ఎడ్వర్డ్‌కి చేసుకుంటానన్నాడు, స్కాట్లండ్ ఒప్పుకుని తర్వాత కాదనేసరికి సైన్యాన్ని పంపి ఊళ్లు తగలబెట్టించాడు. 1548లో అయిదేళ్ల పిల్లని ఓడెక్కించి ఫ్రాన్స్ పంపేశారు. అక్కడ యువరాజుతో పెళ్లయింది, అతను రాజయ్యాడు, 1560 డిసెంబర్ 5న చెవిలో మొదలైన జబ్బుతో పోయాడు. ఇంకో మూడు రోజులకి ఆమెకు 18 నిండాయి.

ఆమె ఫ్రాన్సులో ఉండగానే స్కాట్లండ్ మారిపోయింది. తల్లి మేరీ ఆఫ్ గీజ్ రాజప్రతినిధిగా, ఫ్రెంచి సైన్యం అండతో పాలిస్తుంటే, ప్రొటెస్టెంట్ ప్రభువులు తిరగబడ్డారు. ప్రొటెస్టెంట్ బోధకుడు జాన్ నాక్స్ ప్రసంగాలు, చర్చిల్లో విగ్రహాల విధ్వంసం, ఇంగ్లండ్ సైనిక సాయం, అన్నీ కలిశాయి. 1560 జూన్‌లో తల్లి చనిపోయింది, జులైలో ఫ్రెంచి సైన్యం వెళ్లిపోవడానికి ఒప్పందం జరిగింది, ఆగస్టులో ఎడింబరోలో పార్లమెంటు కూర్చుని పోప్ అధికారాన్ని రద్దుచేసి కాథలిక్ పూజని, అంటే గురువులు చర్చిలో జరిపే మాస్‌ని, నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఆస్తి జప్తు, రెండోసారి దేశ బహిష్కారం, మూడోసారి మరణశిక్ష.

మన ఊళ్లలో ఆర్‌సీఎం చర్చి ఒక వీధిలో, లూథరన్ చర్చో బాప్టిస్టు చర్చో పక్క వీధిలో ఉంటాయి, రెండు వైపులా చుట్టరికాలు కూడా ఉంటాయి కాబట్టి, పూజ చెప్పించుకోవడం ప్రాణం తీసేంత నేరం ఎలా అయిందో మన పాఠకులకు వెంటనే అందదు. అది మీరు ఆగి చెప్పాల్సిన చోటు. ఆ కాలపు స్కాట్ ప్రొటెస్టెంటుకి పూజ అంటే విగ్రహారాధన, దాన్ని సహించిన దేశం మీద దేవుడి ఆగ్రహం పడుతుందని వాళ్ల గట్టి నమ్మకం. అటువైపు కాథలిక్కుకి పూజ లేకపోతే మోక్షమార్గమే లేదు. ఇక రాజు మతమే ప్రజల మతం అన్నది ఆనాడు యూరప్‌లో ఎక్కువమంది పాలకులు అనుసరించిన సూత్రం. స్కాట్లండ్‌లో ఆ సూత్రం తలకిందులైంది. రాణి లేనప్పుడు, రాణి అనుమతి లేకుండా, ప్రభువులు దేశం మతాన్ని మార్చేశారు. మేరీ ఆ చట్టాలకు ఆమోదముద్ర వేయలేదు, రద్దు చేస్తాననీ అనలేదు.

విధవరాలై ఫ్రాన్సులో కూర్చున్న ఆమె దగ్గరికి 1561 వసంతంలో ఇద్దరు వచ్చారు. ఈ ఘట్టం ఏ తెలుగు వీడియోలోనూ నేను చూడలేదు. ఒకరు జాన్ లెస్లీ, ఉత్తర ప్రాంతపు కాథలిక్ ప్రభువుల తరఫున వచ్చాడు. మీరు ఆబర్డీన్‌లో దిగండి, హంట్లీ ప్రభువు 20,000 మందితో వచ్చి కలుస్తాడు, దక్షిణానికి నడిచి పాత మతాన్ని తిరిగి నిలబెడదాం అన్నాడు. రెండోవాడు ఆమె తండ్రికి పెళ్లి బయట పుట్టిన కొడుకు లార్డ్ జేమ్స్, ఆమెకు అన్న వరస, ప్రొటెస్టెంట్ల నాయకుడు. మీ కోటలో మీరు పూజ చెప్పించుకోండి, దేశం మతం జోలికి మాత్రం రాకండి అన్నాడు. ఆమె లార్డ్ జేమ్స్ మాటే విన్నది. మతం పట్టింపు తప్ప ఇంకేమీ లేని మనిషి అయితే ఆబర్డీన్‌లోనే దిగేది కదా.

1561 ఆగస్టు 19న లీత్ రేవులో దిగింది. 24 ఆదివారం, హోలీరూడ్ కోట ప్రార్థనామందిరంలో పూజకు ఏర్పాటు చేస్తుంటే గుంపు చేరి, ఆ విగ్రహారాధక పూజారిని చంపాలని అరిచింది. లార్డ్ జేమ్స్ స్వయంగా తలుపు దగ్గర నిలబడి ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. మర్నాడే, 25న, రాణి పేరుతో ప్రకటన వచ్చింది. తాను వచ్చేనాటికి దేశంలో మతం ఏ స్థితిలో ఉందో అదే స్థితి కొనసాగుతుంది, దాన్ని మార్చాలని చూసినవాళ్లకు మరణశిక్ష, అలాగే తన పరివారం జోలికి వచ్చినవాళ్లకూ అదే శిక్ష. ఒక కాథలిక్ రాణి, దిగిన వారంలోపు, ప్రొటెస్టెంట్ వ్యవస్థకు రక్షణ ఇచ్చింది. ఆ వ్యవస్థలో తన పూజ ఒక్కటే మినహాయింపు. 1561లో ఇలాంటి ఏర్పాటు ఎంత అరుదో ఆలోచించండి. ఇంకో ఏడు నెలల్లో ఫ్రాన్సులో ఆమె సొంత మేనమామ, గీజ్ ప్రభువు, వాసీ అనే ఊళ్లో ప్రార్థన చేసుకుంటున్న ప్రొటెస్టెంట్ల మీద తన మనుషులతో పడి ఊచకోత కోయించాడు, అక్కడ మతయుద్ధాలు మొదలయ్యాయి.

జాన్ నాక్స్‌కి ఈ ఏర్పాటు అస్సలు నచ్చలేదు. పదివేలమంది సాయుధ శత్రువులు దేశంలో దిగినా తనకంత భయం లేదు, ఒక్క పూజ అంతకంటే భయంకరం అని ఆ తర్వాతి ఆదివారమే ప్రసంగించాడు. ఆడవాళ్లు రాజ్యమేలడం ప్రకృతికే, దేవుడికే విరుద్ధమని 1558లో పుస్తకం రాసినవాడు ఆయన. అది రాసేటప్పుడు ఆయన కోపం ముఖ్యంగా ఇంగ్లండ్ మేరీ మీద, అయితే వాదన మాత్రం ఆడ పాలకులందరికీ వర్తించేదే. ఆయన్ని మేరీ కోటకి పిలిపించుకుని మాట్లాడింది, అదీ ఒకసారి కాదు. మొదటిసారి, దిగిన మూడువారాల లోపే, నేరుగా విషయానికి వచ్చింది: పాలకుడి మీద ప్రజలు తిరగబడవచ్చా? పాలకుడు హద్దు దాటితే తిరగబడవచ్చన్నాడు నాక్స్. ఇది ఆ శతాబ్దపు రాజకీయ ప్రశ్నల్లో అతి పెద్దది, దాన్ని పద్దెనిమిదేళ్ల అమ్మాయి అడిగింది. మీ వీడియోల్లో ఈ సమావేశాల నుంచి చూపించేది ఆమె ఏడ్చిన సీను ఒక్కటే. 1563లో తన పెళ్లి విషయంలో నాక్స్ జోక్యం చేసుకుంటే ఆమె కన్నీళ్లు పెట్టుకుందన్నది నాక్స్ రాసిన మాట. ఆ సంభాషణల గురించి మనకున్న వివరం దాదాపు అంతా ఆయన కలం నుంచి వచ్చిందే. ఆమె వైపు నుంచి అలాంటి కథనం లేదు. ఆ సీను చూపించేటప్పుడు ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పడం మీ బాధ్యత.

ప్రసంగాలకంటే నాకు ఆసక్తిగా అనిపించేది డబ్బు లెక్క. పాత చర్చి ఆస్తుల ఆదాయం చాలా పెద్దది, అది పాత బిషప్పుల చేతుల్లో, ప్రభువుల చేతుల్లో ఉంది. కొత్త ప్రొటెస్టెంట్ బోధకులకు జీతాల్లేవు. 1562లో మేరీ ప్రభుత్వం తెచ్చిన ఏర్పాటు ప్రకారం పాత హక్కుదారులు మూడింట రెండు వంతులు జీవితాంతం ఉంచుకోవచ్చు, మిగతా ఒక వంతు ప్రభుత్వం వసూలు చేసి, కొంత ఖజానాకి, కొంత ప్రొటెస్టెంట్ బోధకుల జీతాలకి ఇస్తుంది. రెండు వంతులు సైతానుకి ఇచ్చేశారు, మూడో వంతు దేవుడికీ సైతానుకీ మధ్య పంచారు అని నాక్స్ మండిపడ్డాడు. కానీ చూడండి, రోజూ పూజ చెప్పించుకునే రాణి తన మతాన్ని తిట్టే బోధకులకి జీతాలిచ్చింది. అందులో ఖజానాకి లాభం ఉంది, నిజమే. ఆ లాభం కోసం ఆమె మతయుద్ధం చేయలేదు, రాజీ పడింది.

అదే ఏడాది శరదృతువులో ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి. హంట్లీ ప్రభువు, దేశంలో అందరికంటే బలమైన కాథలిక్, ఏడాది కిందట 20,000 మందిని తెస్తానన్నవాడు, రాణి మాట కాదన్నాడు. ఆమె స్వయంగా గుర్రమెక్కి ఉత్తరానికి వెళ్లింది. అక్టోబర్ 28న కొరికీ దగ్గర ఆమె సేన హంట్లీని ఓడించింది, పట్టుబడ్డ వెంటనే ఆయన గుర్రం మీదే కుప్పకూలి చనిపోయాడు. కొడుకు జాన్ గోర్డన్‌కి ఆబర్డీన్‌లో తల తీశారు. హంట్లీ శవాన్ని నిలవచేసి 1563లో పార్లమెంటు ముందు పెట్టి విచారణ జరిపి దోషిగా తేల్చారు. కాథలిక్ రాణి తన దేశంలోని కాథలిక్ కోటను తన చేతుల్తోనే కూల్చింది. ఇది తెలివా, తొందరపాటా? నా అభిప్రాయం అడిగితే, అప్పటికి తప్పనిసరి, తర్వాతికి నష్టం. 1567లో ప్రొటెస్టెంట్ ప్రభువులు తనకి ఎదురు నిలబడ్డప్పుడు, అటు నుంచి ఆదుకోగలిగిన బలం ఆమెకు మిగల్లేదు.

పోప్ వైపు సంగతి కూడా చెప్పాలి. 1562 వేసవిలో నికొలాస్ డ గౌడా అనే జెసూట్ గురువు పోప్ దూతగా రహస్యంగా వచ్చాడు. కోటలో అందరూ ప్రొటెస్టెంట్ ప్రసంగానికి వెళ్లిన సమయం చూసి రాణి అతన్ని కలిసింది. కాథలిక్ బిషప్పుల ట్రెంట్ మహాసభకు స్కాట్ బిషప్పులను పంపడం తన వల్ల కాదని చెప్పింది. ఆ బిషప్పుల్లో చాలామంది అసలు ఆ దూతని కలవడానికే భయపడ్డారు. ఇటు చూస్తే నాక్స్ దృష్టిలో ఆమె పోప్ ఏజెంటు, అటు రోమ్ దృష్టిలో చేతకాని కాథలిక్కు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. 1563లో ఆర్చిబిషప్ హామిల్టన్‌నీ, మరికొందరు గురువుల్నీ పూజ చెప్పినందుకు అరెస్టు చేసి విచారించారు, ఆమె ప్రభుత్వమే. తన పూజకు రక్షణ ఉంది, మామూలు కాథలిక్కుల పూజకు లేదు. ఆమె ఏర్పాటులో నాకు చేదుగా అనిపించేది ఇది. ఆమెని నేను దేవతని చేయడానికి రాయడం లేదు, దయచేసి మీరూ చేయకండి.

ఇంత రాజీ ఎందుకు పడింది? సైన్యం లేదన్నది ఒక కారణం, ఇంగ్లండ్ సింహాసనం మరో కారణం. మనవాళ్లకి చుట్టరికం చెబితే త్వరగా అర్థమవుతుంది. ఎలిజబెత్ మేనత్త మార్గరెట్, ఆమె మనవరాలు మేరీ. ఎలిజబెత్‌కి పెళ్లి లేదు, పిల్లల్లేరు, కాబట్టి వారసురాలిగా మేరీ హక్కు బలమైనది. పైగా ఎలిజబెత్ తల్లి పెళ్లే చెల్లదని నమ్మే కాథలిక్కులకి అసలు రాణే మేరీ. ఫ్రాన్సులో ఉండగా మామగారు ఆమె పళ్లేల మీద కూడా ఇంగ్లండ్ రాజచిహ్నం వేయించాడు, ఎలిజబెత్ దాన్ని ఎప్పటికీ మర్చిపోలేదు. తనని వారసురాలిగా ప్రకటించమని మేరీ అడుగుతూ వచ్చింది. వారసుల్ని ప్రకటించడమంటే నా శవవస్త్రాన్ని నా కళ్లముందే వేలాడదీయడమే అని ఎలిజబెత్ మేరీ మంత్రి మెయిట్లండ్‌తో అంది. ఇద్దరూ 1562లో కలుసుకోవాలని అనుకున్నారు, వాసీ ఊచకోతతో అది ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్నడూ కలవలేదు. ఇద్దరు రాణులు ఎదురెదురుగా నిలబడి డైలాగులు చెప్పుకునే సీను నాటకాల కల్పన. దాన్ని చరిత్రగా చూపించకండి. అసూయపడే ఇద్దరు ఆడవాళ్ల కథగా కూడా చెప్పకండి. అది రెండు దేశాల వారసత్వ తగాదా, ఇద్దరి మంత్రులూ దాన్ని అలాగే చూశారు.

1565 జులై 29న డార్న్లీని రెండో పెళ్లి చేసుకుంది. వాడు ఆమె మేనత్త కొడుకు, ఇంగ్లండ్ వారసత్వంలో అతనికీ వాటా ఉంది, రెండు హక్కులూ ఒకచోట చేరాయి. మనకు మేనరికం మామూలే, కాథలిక్కుల్లో అంత దగ్గర సంబంధానికి పోప్ అనుమతి కావాలి, అది చేతికి అందకముందే పెళ్లి జరిగిపోయింది. ప్రేమ పెళ్లి అని మీరు చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది. అయితే లెక్క ప్రకారం చూసినా అది తెలివితక్కువ సంబంధం కాదు, మనిషే తప్పు. ఈ పెళ్లితో లార్డ్ జేమ్స్ తిరగబడ్డాడు, ఆమె పిస్తోలు పెట్టుకుని గుర్రమెక్కి అతన్ని ఇంగ్లండ్ దాకా తరిమింది. నాలుగేళ్ల ఏర్పాటుకి మూలస్తంభం లార్డ్ జేమ్సే కాబట్టి, అతను పోవడంతో ఏర్పాటు కూడా కదిలింది. ఆ చలికాలంలో ఆమె కాథలిక్కుల వైపు మొగ్గింది, మార్చిలో జరగాల్సిన పార్లమెంటులో పాత మతానికి ఏదో మేలు చేయాలని అనుకున్నట్టు ఆమె ఉత్తరమే చెబుతోంది. 1566 మార్చి 9 రాత్రి, ఆరు నెలల గర్భిణిగా ఉన్న ఆమె భోజనం చేస్తుంటే, భర్త డార్న్లీ దగ్గరుండి మనుషుల్ని తీసుకొచ్చి సెక్రటరీ రిజియోని లాక్కెళ్లి చంపించాడు. రిజియో ప్రియుడని మీరు చెబుతారు. ఆ ప్రభువులకి అతను పోప్ మనిషి అన్న అనుమానం ఉంది, పార్లమెంటు జరిగితే తిరగబడ్డవాళ్ల ఆస్తులు పోతాయన్న టెన్షన్ ఇంకా ఎక్కువ ఉంది.

అదే ఏడాది పోప్ అయిదో పయస్ కొత్త దూతని పంపాడు, పేరు లావ్రేయో. అతను పారిస్ దాటి రాలేకపోయాడు, అక్కడ్నించే సలహా పంపాడు: ప్రొటెస్టెంట్ నాయకుల్లో ఆరుగురి తలలు తీయిస్తే స్కాట్లండ్ కుదుటపడుతుంది. ఆ ఆరుగురిలో అన్న లార్డ్ జేమ్స్ పేరుంది. తన ప్రజల రక్తంతో చేతులు తడుపుకోనని ఆమె నిరాకరించింది. పోప్ పంపించే డబ్బు ఆమెకు చాలా అవసరమైన సమయం అది. ఆ తర్వాత డిసెంబర్ 17న కొడుకు జేమ్స్‌కి స్టిర్లింగ్‌లో కాథలిక్ పద్ధతిలోనే బాప్తిస్మం ఇప్పించింది, ఎలిజబెత్ బంగారు తొట్టి పంపింది, ఆమె రాయబారి మాత్రం ప్రార్థనామందిరం బయటే నిలబడ్డాడు. తలలు తీయించమంటే ఒప్పుకోలేదు, బిడ్డ బాప్తిస్మం విషయంలో మాత్రం వెనక్కి తగ్గలేదు. ఆమె మతం గురించి ఏం చెప్పాలన్నా ఈ రెండూ కలిపి చెప్పండి.

1567 ఫిబ్రవరి 10న డార్న్లీ హత్య, ఆ హత్య చేయించాడని అనుకున్న బోత్‌వెల్‌తో మే 15న ప్రొటెస్టెంట్ పద్ధతిలో పెళ్లి, ఇవి మీకు బాగా తెలుసు. అంతకుముందు ఏప్రిల్ 24న బోత్‌వెల్ ఆమెని దారికాచి డన్‌బార్ కోటకి తీసుకెళ్లాడు. అక్కడ జరిగింది బలాత్కారం అనే చరిత్రకారులున్నారు, ముందే కుదుర్చుకున్నారనేవాళ్లూ ఉన్నారు. ఈ అనిశ్చితిని దాచి వాణ్ని లవర్ అనకండి. ఆ పెళ్లి ఆమె చేసిన రాజకీయ తప్పుల్లో అతి పెద్దది, రోమ్ ఆమెతో తెగతెంపులు చేసుకుంది, కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఇద్దరూ ఒకేసారి దూరమయ్యారు. జులైలో లాక్‌లీవెన్ కోటలో బందీగా, గర్భస్రావమై మంచంలో ఉన్న మనిషి చేత 24వ తేదీన సింహాసనం వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించారు. 1560 నాటి చట్టాలకు పార్లమెంటు పూర్తి ఆమోదం వచ్చింది ఆ డిసెంబర్‌లో, ఆమె గద్దె దిగాకే.

ఇంగ్లండ్ నిర్బంధం గురించి ఎక్కువ రాయను, మీరు బాగానే చెబుతున్నారు. ఒక్కటి కలపండి: 1570లో పోప్ ఎలిజబెత్‌ని వెలివేసి, ఆమెకు విధేయత చూపనక్కర్లేదని కాథలిక్కులకు చెప్పేశాడు. అప్పట్నించి మేరీ ఊపిరి తీసుకుంటే చాలు, అది కుట్ర కిందికి వచ్చే పరిస్థితి. 1586లో బీరు పీపాల్లో దాచి పంపిన ఉత్తరాల్లో ఆమె నిజంగానే ఎలిజబెత్‌ని చంపాలన్న బాబింగ్టన్ కుట్రకి ఊతమిచ్చింది, అది దాచక్కర్లేదు. ఆ పీపాల దారి ఎలిజబెత్ మంత్రి, గూఢచారుల పెద్ద వాల్సింగ్‌హామ్ మనుషుల చేతుల్లో ఉందని, ప్రతి ఉత్తరం ముందు వాళ్లే చదివారని కూడా చెప్పండి.

నేను అడిగేవి కొన్నే. డార్న్లీ హత్యలో మేరీ చేయి ఉందనడానికి సాక్ష్యంగా చూపిన, ఒక పెట్టెలో దొరికాయన్న ఉత్తరాల అసలు ప్రతులు ఇప్పుడు ఎక్కడా లేవు, మిగిలినవి నకళ్లూ అనువాదాలే. వాటిని చదివి వినిపించేటప్పుడు ఆ మాట చెప్పండి. ఆమె నిజంగా రాసినవి కావాలంటే 2023 ఫిబ్రవరిలో ముగ్గురు పరిశోధకులు, జార్జ్ లాస్రీ, నార్బర్ట్ బియర్మన్, సతోషి తొమోకియో, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఇటలీ వ్యవహారాలని తప్పు పేరుతో పడి ఉన్న సంకేత లిపి ఉత్తరాలు 57 ఛేదించి బయటపెట్టారు. 1578 నుంచి 1584 మధ్య ఎక్కువగా లండన్‌లోని ఫ్రెంచి రాయబారికి రాసినవి. ఆరోగ్యం గురించి, నిర్బంధం గురించి, విడుదల బేరాల గురించి, వాల్సింగ్‌హామ్ మీద అపనమ్మకం గురించి, 1582లో కొడుకుని ప్రభువులు ఎత్తుకెళ్లినప్పటి ఆందోళన గురించి అందులో ఉంది. వాటిమీద తెలుగులో ఒక మంచి వీడియో గానీ, వ్యాసం గానీ నాకు ఇంతవరకు కనబడలేదు. మీలో ఎవరైనా మొదలుపెడితే చదవడానికి, తేదీలు సరిచూడటానికి నేనూ చేయి కలుపుతాను.